హృదయ లయ లోపాలు: వ్యాయామ పరీక్ష ఎప్పుడు అవసరం?

పరుగు పందెంలో కళ్లు తిరిగి పడిపోయిన ఒక విద్యార్థిని ఊహించుకోండి. ఆస్పత్రిలో పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. మామూలుగా ఉంది. అతని గుండెలో లోపం లేదని చెప్పవచ్చా? చెప్పకూడదు. ఆ ఇ.సి.జి.లో నమోదయ్యేది విశ్రాంతిలోని కొద్ది సెకన్ల లయ మాత్రమే. శ్రమతో దడ, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలు వస్తుంటే, లయను కూడా శ్రమలోనే చూడాలి. వ్యాయామ పరీక్షకు ఇది ముఖ్య సందర్భం.

రోగిని ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ ఇ.సి.జి.ని నిరంతరం నమోదు చేస్తారు. బ్రూస్ పద్ధతిలో ప్రతి 3 నిమిషాలకు వేగం, వాలు పెరుగుతాయి. శ్రమలో అడ్రినలిన్ పెరుగుతుంది. కాటెకొలమినర్జిక్ పాలిమార్ఫిక్ వెంట్రిక్యులర్ టాకీకార్డియా (సి.పి.వి.టి.) అనే జన్యు సంబంధ జబ్బులో దీని ప్రభావం ప్రమాదకరం. విశ్రాంతిలో ఇ.సి.జి. బాగానే ఉంటుంది, గుండె వేగం సాధారణంగా నిమిషానికి 110-130 చేరాక జఠరికల నుంచి అదనపు స్పందనలు మొదలై, శ్రమతో పాటు ఎక్కువవుతాయి. దీన్ని మూర్ఛ వ్యాధిగా పొరబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే రోగి రక్తసంబంధీకులకు కూడా ఈ పరీక్ష చేస్తారు.

వేగం పెరగవలసినంత పెరగకపోవడం కూడా లోపమే. 220 నుంచి వయసును తీసివేస్తే గరిష్ఠ వేగం సుమారుగా తెలుస్తుంది. 40 ఏళ్ల వ్యక్తికి అది 180. ఇది సగటు అంచనా మాత్రమే. పైగా రోగి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే వేగం ఎలాగూ తగ్గుతుంది. ఈ సంగతి అడగకుండా ఫలితాన్ని వ్యాఖ్యానించకండి.

కర్ణికల నుంచి జఠరికలకు విద్యుత్ ప్రసారంలో అడ్డంకి ఉన్నప్పుడు, అది ఎక్కడ ఉందో ఊహించడానికీ ఈ పరీక్ష తోడ్పడుతుంది. శ్రమలో అడ్డంకి తగ్గితే లోపం సాధారణంగా ఏ.వి. కణుపులో ఉంటుంది. పెరిగితే అంతకన్నా కింద ఉందని అనుమానించాలి. అలాంటి రోగికి పేస్‌మేకర్ అవసరం కావచ్చు.

ఎప్పుడో నెలకొకసారి, కూర్చుని ఉండగా వచ్చే దడకు ట్రెడ్‌మిల్ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అక్కడ ఎక్కువ రోజులు నమోదు చేసే పరికరం మేలు. గుండెపోటు వచ్చిన తొలి రెండు రోజుల్లోనూ, లయ అదుపు తప్పి రక్తపోటు పడిపోతున్నప్పుడూ ఈ పరీక్ష చేయరాదు. చేసేటప్పుడు డిఫిబ్రిలేటర్ పక్కనే సిద్ధంగా ఉండాలి. నడక ఆగగానే తీగలు తీసేయకూడదు. కొన్ని లయ లోపాలు విశ్రాంతి దశలోనే బయటపడతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై విద్యార్థి తమ్ముడికి ఏ లక్షణాలూ లేవు. అన్నకు సి.పి.వి.టి. అని తేలితే, తమ్ముడికి వ్యాయామ పరీక్ష ఎందుకు చేయాలి?