వదలని తలనొప్పి: మెదడులోని రక్తనాళపు లోపమును గూర్చి రైతు లెఱుగవలసినది

మన సంఘ పత్రికయందు విత్తనములను, ఎరువులను, అప్పుల వాయిదాలను గూర్చి వ్రాయుట వాడుక. ఈ నెల పైరును విడిచి, పైరు పెట్టువాని తలకు సంబంధించిన విషయ మొకటి వ్రాయబూనితిమి. వేరుసెనగ చేలలో తిరుగునప్పుడు తలకు తువ్వాలు బిగించి కట్టుకొని గట్టున కూర్చున్న రైతులను మేము తఱచుగా చూచుచుందుము. అడిగినచో ఎండదెబ్బ యనియో, పైత్య మనియో చెప్పుదురు. మేమును ఇరువది యేండ్లు అట్లే చెప్పుకొంటిమి. మా విషయమున అది నిజము కాకపోయెను.

ముందుగా ఒక ధైర్యవచనము. తలనొప్పులలో మిక్కిలి పెద్ద భాగము ప్రాణాపాయము లేనివే. పార్శ్వపు నొప్పి, ఎండలో నీరు త్రాగకుండుట, వేళకు భోజనము లేకుండుట, నిద్ర చాలకుండుట, చూపు మందగించుట మొదలగునవి సామాన్య కారణములు. మూతికి గుడ్డయైనను లేక పురుగుమందు చల్లిన దినమున వచ్చు తలనొప్పి ఆ మందు విషమువలననే కావచ్చును. మేము చెప్పబోవునది అరుదైన వ్యాధి. అయినను గుర్తింపక ఉపేక్షించిన ఇల్లు కూల్చునది.

వ్యాధి స్వరూపము

కర్నూలు-కడప కాలువ క్రింద సేద్యము చేయువారికి దీనిని తెలియజెప్పుట సులభము. సుంకేసులయొద్ద తుంగభద్ర నీరు పెద్దకాలువలో బలముగా ప్రవేశించును. పిల్లకాలువలకు, అచ్చటినుండి మడులకు చేరుసరికి వేగము తగ్గును. మడి తడిసి మిగిలిన నీరు మెల్లగా మురుగుకాలువ బట్టి పోవును. మన దేహమునందు గుండెనుండి వచ్చు ధమనులు పెద్దకాలువలు. వెండ్రుకకంటె సన్నని కేశనాళికలు మడికాలువలు. రక్తమును మరల గుండెకు చేర్చు సిరలు మురుగుకాలువలు.

కొందఱికి మెదడులో నొకచోట కేశనాళికలు ఏర్పడక, ధమనులు సిరలతో నేరుగా చిక్కుపడి కలిసియుండును. ఇది చాలవఱకు పుట్టుకతో వచ్చిన లోపమే. పెద్దకాలువ నీరు తూము లేక మురుగుకాలువలో పడిన నేమగును? గట్టు కోసికొనిపోవును, ప్రక్క మడి యెండును. అట్లే పలుచని సిర ఉబ్బి యొకనాడు పగులవచ్చును, చుట్టుపట్ల మెదడునకు రక్తము చాలకపోవచ్చును. తలనొప్పి, మూర్ఛ, ఒక ప్రక్క చేయికాలు బలహీనపడుట దీని గుర్తులు. నూర్గురు రోగులలో ఏటేట సుమారు ఇద్దఱు మొదలు నలుగురికి రక్తస్రావము కలుగునని వైద్యుల లెక్క.

మఱియొక రకమున ధమని గోడ ఒకచోట పలుచబడి బుడగవలె ఉబ్బును. ఇట్టిది పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఉండును. అనేకులకు అది జన్మమంతయు తెలియకయే పోవును. రక్తపుపోటు, బీడీ చుట్టలు ఈ బుడగ పగులుటకు తోడ్పడును.

మా అనుభవము

మాకు ఇరువదియవ యేటి నుండి తలకు కుడివైపున పోటు వచ్చుచుండెను. శొంఠిపట్టు వేసితిమి, కన్నద్దములు మార్చితిమి. తుదకు అంగడిలో దొరకు మాత్రలు దినదినము మ్రింగితిమి. తలనొప్పికి మాత్రలే కారణ మగునని అప్పుడు తెలియదు. సామాన్యపు నొప్పి మాత్రలనైనను నెలకు పదునైదు దినములు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినచో ఆ వాడుకయే క్రొత్త తలనొప్పిని పుట్టించును.

ఒకనాడు విత్తనశుద్ధి చూపుచుండగా మా యెడమచేయి దానంతట అదే కొట్టుకొనసాగెను. పిమ్మట మాకు స్మృతి లేదు. మేలుకొనుసరికి చేతిలో తాళపుచెవుల గుత్తి యుండెను. గ్రామస్థులు మంచి మనస్సుతో చేసిరి గాని, ఇనుము మూర్ఛ నాపదు. అట్టివానిని ప్రక్కకు పరుండబెట్టి, నోట నేమియు పెట్టక, ఐదు నిమిషములలో తగ్గనియెడల వెంటనే వైద్యశాలకు చేర్చవలయును. తరువాత తీసిన పటములలో మా మెదడు కుడిభాగమున ఆ చిక్కు బయటపడెను.

పరీక్షయు చికిత్సయు

మెదడులోని రక్తనాళములను పటము తీయు విధానమును 1927లో లిస్బనునందు ఏగస్ మోనిజ్ కనుగొనెను. 1971లో లండనునందు మొదటి సి.టి. స్కాను జరిగెను. మన దేశమున మెదడు శస్త్రచికిత్సకు తొలి శాఖను 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జాకబ్ చాండీ నెలకొల్పెను. మఱుసటి యేడు మద్రాసులో డాక్టరు బి. రామమూర్తి ఈ పని ప్రారంభించెను. 1956లో వైద్య కళాశాల వెలసిన కర్నూలునందే నేడు పెద్దాసుపత్రిలో ఈ శాఖ గలదు.

చికిత్సలు మూడు విధములు. పుఱ్ఱె తెఱచి చిక్కును తీసివేయుట మొదటిది. తొడమూలమునందలి ధమనిగుండ సన్నని గొట్టమును పంపి, జిగురువంటి మందుతో చిక్కును పూడ్చుట రెండవది. కిరణములను ఒకేచోట కేంద్రీకరించుట మూడవది. దీనివలన చిక్కు మూసికొనుటకు రెండు మూడేండ్లు పట్టును. పగులని చిక్కును ముట్టకుండుటయే కొందఱికి మేలని 2014లో వెలువడిన యొక పరిశోధన చెప్పెను. వైద్యులలో దానిపై వాద మింకను తీరలేదు. చిక్కున్న చోటును, పరిమాణమును, రోగి వయస్సును బట్టి నిర్ణయము మాఱును. మా చిక్కు చేయి నాడించు భాగమునకు చేరువ నుండుటచే, మూర్ఛకు మందులు వాడుచు, నియమముగా పటములు తీయించుకొనుచు వేచియుండుటకు వైద్యులును మేమును నిశ్చయించితిమి.

దానితో కాపురము

తలనొప్పి మానలేదు. నొప్పి వచ్చినప్పుడెల్ల, గండిపడు దినము ఇదియేనా యను భయము మొదట మమ్ము పీడించెను. ఇంటివారు మా ముఖము చూచి అన్నము మానిరి. కట్టు లేదు, పుండు లేదు గనుక పనికి బద్ధకించి సాకు చెప్పుచున్నామని తలచినవారును గలరు. కనబడని నొప్పిని నమ్మించుట నొప్పికంటె కష్టము.

మాకు ఉపకరించినవి ఇవి. నొప్పి వచ్చిన దినము, వేళ, తిన్న మాత్ర, ముందు చేసిన పని ఒక పుస్తకమున వ్రాసికొంటిమి. దానివలన ఎండ, ఆకలి, నిద్రలేమి మా నొప్పిని పెంచుచున్నవని తేలెను. పొలము పనులను ఉదయమునకు మార్చి, వేళకు భుజించుచున్నాము. రక్తపుపోటు చూపించుకొని ఉప్పు తగ్గించితిమి. వైద్యుని అనుమతి లేక ఆస్పిరిన్ వంటి మాత్రలు ముట్టము. మూర్ఛ గలవారు ఒంటరిగా బావి దిగరాదు, మంచె యెక్కరాదు, వైద్యుడు సరేయనువఱకు ట్రాక్టరు గాని మోటారుసైకిలు గాని నడపరాదు. అన్నిటికంటె ముఖ్యము, దగ్గఱివారికి దాచక చెప్పుట.

ఆలస్యము చేయరాని గుర్తులు

పిడుగు పడినట్లు క్షణములో వచ్చిన ఘోరమైన తలనొప్పి, మెడ బిగిసి వాంతులగుట, మాట తడబడుట, ముఖము వంకరపోవుట, ఒక ప్రక్క చేయికాలు పడుట, చూపు రెండుగా తోచుట, మూర్ఛ. వీనిలో నేది కనబడినను శొంఠిపట్టులకు, వాతలకు, దిష్టి తీయుటకు కాలము పుచ్చరాదు. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 బండిని ఉచితముగా పిలువవచ్చును. ఏబది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా వచ్చిన తలనొప్పిని, నానాటికి పెరుగుదానిని గూడ వైద్యునికి చూపవలయును.

తుదిమాట. వైద్యమునకై పొలము కుదువ పెట్టుటకు ముందు, 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన ప్రభుత్వ వైద్య పథకమున తమ చికిత్స చేరునో లేదో ఆసుపత్రిలో విచారింపుడు. సంఘ సభ్యులు పొరుగువాని వాయిదా తప్పినచో అడుగుదురు గదా. అతడు తలకు గుడ్డ కట్టుకొని మూడు నెలలుగా గట్టున కూర్చున్నచో అదియు అడుగుడు. గండి పడిన తరువాత వేయు తట్టలమట్టి కంటె, గట్టు చెమ్మగిల్లినప్పుడు వేయు ఒక్క తట్ట మేలని కాలువ క్రింది రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు.