చక్రాలు చెప్పే సాక్ష్యం: యుద్ధ చలనచిత్రాలలో అసలు ట్యాంకులు, వేషం కట్టిన ట్యాంకులు

వ్యాస సంగ్రహం

రెండో ప్రపంచ యుద్ధాన్ని చిత్రించిన చలనచిత్రాలలో, ముఖ్యంగా జర్మన్ పక్షాన, కనిపించే ట్యాంకులలో అసలైనవి తక్కువ, వేషం కట్టినవి ఎక్కువ. చిత్రీకరణ ఏ దేశంలో జరిగింది, అప్పుడు ఆ దేశపు సైన్యం దగ్గర ఏ వాహనాలున్నాయి అన్న విషయాల మీద ఈ వేషం ఆధారపడింది. కాబట్టి తెర మీది ట్యాంకు తాను నటించిన యుద్ధం కంటే తనను చిత్రీకరించిన కాలానికే నమ్మదగిన సాక్షి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అసలు ట్యాంకును వాడినంత మాత్రాన దృశ్యం చారిత్రకంగా సరైనది కాబోదని కూడా వివరిస్తుంది.

కీలక పదాలు: యుద్ధ చలనచిత్రం, ట్యాంకు, ప్రతికృతి, చారిత్రక ఆకరం, ప్రచ్ఛన్న యుద్ధం

ఉపోద్ఘాతం

చలనచిత్రాన్ని చరిత్రకు ఆకరంగా స్వీకరించవచ్చునా అన్న చర్చ సాధారణంగా కథ, పాత్రలు, దర్శకుని దృక్పథం చుట్టూ తిరుగుతుంది. తెర మీద కనిపించే వస్తువు ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్న ఆ చర్చలో ఎప్పుడో గాని రాదు. యుద్ధ చిత్రాల విషయంలో ఈ ప్రశ్నను దాటవేయడం ప్రమాదకరం. యుద్ధాన్ని చూడని తరాలకు ట్యాంకు రూపం, దాని కదలిక, దాని భయం సినిమా ద్వారానే పరిచయమవుతాయి. సినిమాలోని నిశ్చల చిత్రం ఒక్కోసారి యుద్ధకాలపు ఛాయాచిత్రంగా చెలామణి కావడం కూడా కద్దు.

ఇక్కడ 'అసలు' అన్న మాటను ఆ యుద్ధకాలంలో తయారై, తన సొంత పాత్రనే ధరించిన ట్యాంకుకు వాడుతున్నాను. మరో ట్యాంకుపై రేకులు, చెక్క, రంగులతో కొత్త రూపు కల్పిస్తే అది 'వేషధారి'. మొత్తంగా కొత్తగా కట్టినది 'ప్రతికృతి'. ఆచరణలో చివరి రెంటికీ మధ్య గీత చెరిగిపోతుంది.

వేషం ఎక్కడ బయటపడుతుంది?

ట్యాంకుకు వేషం కట్టడంలో ఒక యాంత్రిక పరిమితి ఉంది. పై భాగాన్ని మార్చడం సులువు. తుపాకీ అమర్చిన టరెట్ చుట్టూ రేకు పెట్టెను బిగించవచ్చు, ఫిరంగి గొట్టాన్ని పొడిగించవచ్చు, కవచపు పలకల వాలును మార్చి చూపవచ్చు. కింది భాగం అలా కాదు. చక్రాలు, వాటి ఇరుసులు, చుట్టూ తిరిగే ఉక్కు పట్టీ, పట్టీని లాగే పళ్ళ చక్రం కలిసి పదుల టన్నుల బరువును మోస్తూ కదిలిస్తాయి. వాటిని మార్చడమంటే వాహనాన్ని తిరిగి నిర్మించడమే. పగటివేషగాడు ముఖానికి ఎంత రంగు పూసుకున్నా నడక పట్టించినట్లు, ట్యాంకు కూడా నడక దగ్గరే దొరికిపోతుంది.

జర్మనీ టైగర్ ట్యాంకుకు ఒక్కో పక్క 8 ఇరుసులుంటాయి. వాటి మీది పెద్ద చక్రాలు ఒకదాని వెనుక ఒకటి దాగి, పొరలు పొరలుగా కనిపిస్తాయి. సోవియట్ టి-34కు ఒక్కో పక్క 5 పెద్ద చక్రాలే. అవి విడివిడిగా ఉంటాయి. అమెరికా షెర్మన్‌కు 6 చిన్న చక్రాలు, రెండేసి చొప్పున మూడు జతలుగా ఉంటాయి. యుద్ధం ముగిశాక తయారైన అమెరికన్ ఎం-47కు 6, పశ్చిమ జర్మనీ లెపర్డ్-1కు 7. పట్టీని లాగే పళ్ళ చక్రం టైగర్‌లోనూ షెర్మన్‌లోనూ ముందు వైపు ఉంటుంది. టి-34లో, ఎం-47లో వెనుక వైపు. టి-34లో ఇంజనూ గేర్ల పెట్టే రెండూ వెనుకే ఉండడంవల్ల టరెట్ ముందుకు జరిగి ఉంటుంది. టైగర్‌లో అది దాదాపు మధ్యలో కూర్చుంటుంది. ఈ నాలుగు విషయాలు తెలిసిన ప్రేక్షకుడు చాలా చిత్రాలలో వేషాన్ని క్షణాలలో పసిగట్టగలడు.

సైనిక నిల్వలు, చిత్రీకరణ స్థలాలు

యుద్ధం నడుస్తుండగా తీసిన చిత్రాలకు ఈ సమస్య స్వపక్షం వరకు లేదు. 1943లో వచ్చిన 'సహారా'లో హంఫ్రీ బోగార్ట్ బృందం నడిపే ఎం-3 ట్యాంకు అసలైనదే. అది అప్పటికి అమెరికా సైన్యపు వర్తమానం. యుద్ధం ముగిశాక పరిస్థితి తారుమారయింది. జర్మనీ తయారుచేసిన టైగర్లు మొత్తం సుమారు 1,350 మాత్రమే. వాటిలో అత్యధికం యుద్ధంలో ధ్వంసమయ్యాయి, తక్కినవి తుక్కుగా కరిగిపోయాయి. నేడు మిగిలినవాటిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. కనుక 1950ల తర్వాత జర్మన్ ట్యాంకులు కావలసిన నిర్మాత, ట్యాంకులు ఉన్న ఒక సైన్యాన్ని వెతుక్కోవలసి వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధ రాజకీయాలు సినిమాలోకి అడుగుపెట్టిన చోటు ఇదే.

స్పెయిన్ ఉదాహరణను చూద్దాం. 1953లో అమెరికా, స్పెయిన్‌ల మధ్య మాడ్రిడ్ ఒప్పందం కుదిరింది. సైనిక స్థావరాలకు అనుమతిచ్చిన ఫ్రాంకో ప్రభుత్వానికి అమెరికన్ ఆయుధ సహాయం అందింది. అలా స్పెయిన్ సైన్యానికి చేరిన ఎం-47 ప్యాటన్ ట్యాంకులే 1965 నాటి 'బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్' చిత్రంలో జర్మన్ కింగ్ టైగర్లుగా కనిపిస్తాయి. 18 టన్నుల తేలికపాటి ఎం-24 చాఫీలు షెర్మన్ల పాత్ర ధరించాయి. ఎం-47కు కింగ్ టైగర్ రూపు తేవడానికి పెద్ద ప్రయత్నమేమీ జరగలేదు. 1944 డిసెంబరులో మంచు కప్పిన ఆర్డెన్స్ అడవులలో సాగిన పోరాటపు పతాక సన్నివేశం ఎండిన స్పానిష్ మైదానంలో నడుస్తుంది. ట్యాంకులు ఎక్కడివో నేల కూడా అక్కడిదే అయింది.

అదే స్పెయిన్‌లో చిత్రీకరించిన 'ప్యాటన్' (1970)లో ఒక విచిత్రం ఉంది. జనరల్ జార్జ్ ప్యాటన్ 1945లో మరణించాడు. యుద్ధానంతర అమెరికన్ ట్యాంకుల శ్రేణికి ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారు. చిత్రంలో ఆయనకు ఎదురు నిలిచిన జర్మన్ ట్యాంకుల పాత్రలను ఆ శ్రేణి ట్యాంకులే పోషించాయి. సేనాని తన పేరిట వెలసిన ట్యాంకులతోనే తెర మీద పోరాడాడన్నమాట.

భారతీయ పాఠకునికి ఈ ప్యాటన్ ట్యాంకులు కొత్త కావు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతంలోని అసల్ ఉత్తర్ దగ్గర భారత సైన్యం ధ్వంసం చేసిన, పట్టుకున్న పాకిస్తానీ ట్యాంకులలో ఎక్కువ భాగం ఎం-47, ఎం-48 ప్యాటన్లే. జీపు మీది రీకాయిల్‌లెస్ తుపాకీతో వాటిని ఎదుర్కొని ప్రాణాలర్పించిన అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించింది. 'బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్' విడుదలైనది ఆ ఏడాది డిసెంబరులో. ఒకే అమెరికన్ సైనిక సహాయ విధానం పాకిస్తాన్‌కు ఇచ్చిన ట్యాంకు పంజాబు పొలాలలో నిజంగా కాలిపోయిన ఏడాదే, స్పెయిన్‌కు ఇచ్చిన దాని తోబుట్టువు నాజీ వేషంలో తెర మీద కాలిపోయింది. ఆ చిత్రం 1944 గురించి చెప్పేదానికంటే 1965 నాటి ప్రపంచం గురించి చెప్పేదే ఎక్కువ అనడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం కనిపించదు.

యుగోస్లావియా కథ మరింత ఆసక్తికరం. 1948లో టిటో స్టాలిన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. అప్పటికే ఆ దేశం దగ్గర సోవియట్ టి-34లు ఉన్నాయి. 1950ల తొలి ఏళ్ళలో అమెరికన్ సహాయంగా షెర్మన్లు వందల సంఖ్యలో వచ్చాయి. రెండు శిబిరాల ట్యాంకులనూ వాడుతున్న అరుదైన సైన్యమది. 1943 నాటి పార్టిజాన్ల పోరాటంపై వెల్కో బులాయిచ్ తీసిన 'బ్యాటిల్ ఆఫ్ నెరెత్వా' (1969) కోసం కొన్ని టి-34లకు టైగర్ వేషం కట్టారు. మరుసటి ఏడాది వచ్చిన హాలీవుడ్ చిత్రం 'కెల్లీస్ హీరోస్'లో కనిపించే మూడు టైగర్లు ఈ విధంగా రూపొందినవే. కథాస్థలం ఫ్రాన్స్, చిత్రీకరణ యుగోస్లావియా. అమెరికన్ పక్షాన కదిలే షెర్మన్లు మాత్రం నిజమైనవి. ఒకే చిత్రంలో నిజమైన షెర్మన్లూ మెప్పించే టైగర్లూ కలిసి కనిపించడానికి వెనుక ఉన్నది కళాదర్శకుని నైపుణ్యం మాత్రమే కాదు, టిటో అలీన విధానం కూడా. అయినా ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయకూడదు. ఆ కాలపు వేషధారులలో ఇవే ఉత్తమమైనవని నా అభిప్రాయం. 5 చక్రాలు, ముందుకు జరిగిన టరెట్ మాత్రం దాగలేదు.

'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' (1977) నెదర్లాండ్స్‌లో తయారైంది. అప్పటి డచ్ సైన్యపు ట్యాంకు లెపర్డ్-1. చిత్రంలోని జర్మన్ పాంథర్ల అసలు రూపం అదే. సోవియట్ చిత్రాల దారి వేరు; అక్కడ సైన్యమూ సినిమా సంస్థా ఒకే రాజ్యానివి కనుక టైగర్లు సోవియట్ ట్యాంకుల నుంచే పుట్టాయి. సోవియట్ కూటమి కుప్పకూలాక టి-34లు పాశ్చాత్య నిర్మాతలకూ అందుబాటులోకి వచ్చాయి. 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' (1998)లోని రెండు టైగర్ల లోపల ఉన్నది టి-34 ఒడలే.

అసలు ట్యాంకు చెప్పే అబద్ధం

ఇంతవరకూ చూసినదాన్ని బట్టి అసలు ట్యాంకు దొరికితే సమస్య తీరుతుందని అనిపించవచ్చు. 'టైగర్ 131' చరిత్ర ఆ భావనను నిలవనివ్వదు. దీనిని 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలు పట్టుకున్నాయి. అదే ఏడాది బ్రిటన్‌కు తరలించి, శాస్త్రీయ పరీక్షలకు గురిచేశారు. 1951లో అది బోవింగ్టన్‌లోని ట్యాంక్ మ్యూజియానికి చేరింది. అంతకు ముందే, 1950లో, టెరెన్స్ యంగ్ చిత్రం 'దే వర్ నాట్ డివైడెడ్'లో కనిపించింది. 1990లో పునరుద్ధరణ మొదలై, 2003 డిసెంబరు నాటికి అది మళ్ళీ నడిచే స్థితికి వచ్చింది. ప్రపంచంలో నడిచే టైగర్-1గా దానికే పేరు. డేవిడ్ ఏయర్ 'ఫ్యూరీ' (2014)లో అది మళ్ళీ తెరకెక్కింది.

'ఫ్యూరీ' కథ 1945 ఏప్రిల్‌లో, జర్మనీలో జరుగుతుంది. టైగర్ 131 తొలినాళ్ళ తయారీ. దాని టరెట్ పైన కమాండరు కూర్చునే గూడు డ్రమ్ము ఆకారంలో ఉంటుంది, చక్రాల అంచుకు రబ్బరు ఉంటుంది. 1943 మధ్య నుంచి ఆ గూడు రూపం మారింది. 1944 నుంచి ఉక్కు అంచు చక్రాలు వచ్చాయి. యుద్ధపు చివరి నెలలో అమెరికన్లకు ఎదురుపడే టైగర్ ఇలా ఉండే అవకాశం చాలా తక్కువ. ఎదురుగా ఉన్న షెర్మన్ కూడా అదే మ్యూజియానిది, అసలైనదే. కథలోని దళం నడపవలసినది పెట్రోలు ఇంజను ఉన్న ఎం4ఎ3 రకం. మ్యూజియంలోనిది డీజిల్‌తో నడిచే ఎం4ఎ2 రకం. చిత్రంలోని ప్రధాన ట్యాంకులు రెండూ అసలువే, రెండూ కథలోని తమ స్థానానికి సరిగ్గా సరిపోనివే.

'సేవింగ్ ప్రైవేట్ రయాన్' దీనికి మరో కోణం చూపుతుంది. టైగర్ల ఆకృతి విషయంలో ఆ చిత్ర బృందం ఎంతో శ్రద్ధ పెట్టింది. అయితే 1944 జూన్‌లో నార్మండీలోని టైగర్లు తూర్పు వైపు, కాన్ నగర పరిసరాలలో బ్రిటిష్, కెనడియన్ సేనలతో తలపడ్డాయి. కథ జరిగే అమెరికన్ రంగంలో ఆ రోజుల్లో అవి లేవు. ఆకృతి సరిపోయినా ఉనికి సరిపోలేదు.

దీని వెనుక ఉన్న ఎంపికను పరిశోధకులు గమనించాలి. జర్మనీ పాంజర్-4 ట్యాంకులను సుమారు 8,500, టరెట్ లేని స్టూగ్-3 శకటాలను సుమారు 10,000 తయారుచేసింది. యుద్ధరంగంలో మిత్రపక్ష సైనికునికి ఎదురుపడినవి ఎక్కువగా ఇవే. నిర్మాతలు లక్షలు ఖర్చుపెట్టి ప్రతికృతి చేయించుకునేది మాత్రం టైగర్‌నే. శత్రువు యంత్రం ఎంత భయంకరమైతే నాయకుని విజయం అంత ఘనమవుతుంది కదా! ఈ ఎంపిక వల్ల ప్రతి జర్మన్ ట్యాంకూ టైగరే అన్న అభిప్రాయం స్థిరపడింది. చక్రాల లెక్కలోని తప్పు ట్యాంకుల అభిమానులకు మాత్రమే పట్టే విషయం. ఈ తప్పు అలాంటిది కాదు. ఆ యుద్ధాన్ని ఎలా గెలిచారో, ఎలా ఓడారో అన్న అవగాహననే అది తారుమారు చేస్తుంది.

అసలు ట్యాంకును వాడడంలో నైతిక ప్రశ్న కూడా ఉంది. నడిచిన ప్రతిసారీ యంత్రం అరుగుతుంది. అరిగిన భాగం స్థానంలో కొత్తది చేరితే, పరిశోధకునికి ఆధారంగా ఉన్న లోహంలో ఒక ముక్క పోయినట్లే. నిలబెట్టి ఉంచితే అది ఎలా నడిచిందో తెలిసే మార్గం పోతుంది. టైగర్ 131ను ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే నడపడం ఈ రెండు నష్టాల మధ్య కుదుర్చుకున్న రాజీ. తాళపత్ర గ్రంథాన్ని విప్పి చదవాలా, భద్రపరచాలా అని తర్జనభర్జన పడిన వారికి ఈ సంకటం అర్థమవుతుంది.

మన చిత్రాల వైపు

1971 నవంబరు 20, 21 తేదీలలో తూర్పు పాకిస్తాన్ సరిహద్దులోని గరీబ్‌పూర్ దగ్గర భారత సైన్యపు పిటి-76 ట్యాంకులు పాకిస్తానీ ఎం-24 చాఫీలతో తలపడ్డాయి. ఆ పోరాటమే 2023 నాటి హిందీ చిత్రం 'పిప్పా'కు ఇతివృత్తం. నీటి మీద తేలే పిటి-76కు సైనికులు పెట్టుకున్న ముద్దుపేరు నుంచి ఆ శీర్షిక వచ్చింది. పిప్పా అంటే పంజాబీలో నెయ్యి డబ్బా. స్పెయిన్‌లో షెర్మన్‌గా నటించిన చాఫీ, ఆరేళ్ళ తర్వాత ఇక్కడ తన సొంత పేరుతో నిజంగా పోరాడింది.

తెలుగులో క్రిష్ దర్శకత్వం వహించిన 'కంచె' (2015) రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగాన పోరాడిన భారతీయ సైనికుని కథ. దాని యుద్ధ దృశ్యాలను జార్జియాలో చిత్రీకరించారు. ఒకప్పటి సోవియట్ గణతంత్రంలో నిలబడి 1944 నాటి ఇటలీని చూపిన ఈ చిత్రం మన పరిశోధకులకు మంచి సామగ్రి. చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. వాహనాలు కనిపించే ప్రతి దృశ్యాన్నీ నిలిపి చూసి, చక్రాలను లెక్కించి, పళ్ళ చక్రం ముందుందో వెనుకుందో, టరెట్ ఎక్కడ కూర్చుందో నమోదు చేయాలి. ఆ పట్టికను చిత్రీకరణ స్థలపు సైనిక చరిత్రతో పోల్చాలి. కథ ఏ సైన్యానిదని చెబుతోందో, ఇనుము ఏ సైన్యానిదని చెబుతోందో అప్పుడు పక్కపక్కన కనిపిస్తాయి.