'కాగితం' అడిగిన పిల్లవాడు

మూడేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే, పిలిచినా పలకకపోతే మనం కలవరపడతాము. నజర్ తగిలిందని తావీజు కడతాము. అది ఆటిజం కావచ్చునన్న ఆలోచన ఆలస్యంగా వస్తుంది. బిడ్డకు రానివే లెక్కపెడుతూ, వచ్చినదాన్ని గమనించకుండా వదిలేస్తాము.

1974లో లండన్‌లో పుట్టిన స్టీఫెన్ విల్ట్‌షైర్‌కు మూడేళ్ల వయసులో ఆటిజం ఉన్నట్లు తేలింది. మాటలు లేవు, బొమ్మలు గీయడమంటే మాత్రం ప్రాణం. బడిలో ఉపాధ్యాయులు ఆ ఇష్టాన్నే ఆసరా చేసుకున్నారు. గీసుకునే సామగ్రిని కొంతసేపు తీసి పెట్టి, నోరు తెరిచి అడిగే అవసరం కల్పించారు. అలా అతను పలికిన తొలి మాట 'కాగితం'. 2005లో అతను హెలికాప్టర్‌లో తిరిగి టోక్యో నగరాన్ని చూసి, కేవలం జ్ఞాపకంతో 10 మీటర్ల పొడవైన చిత్రం గీశాడు.

ఆటిజం ఉన్న పిల్లలందరిలో ఇంతటి ప్రతిభ ఉండదు. కాని ఒకరికి అంకెలు, ఒకరికి రాగాలు, మరొకరికి వస్తువులను వరుసగా పేర్చడం ఇష్టం కావచ్చు. వైద్యుని సలహా, తగిన శిక్షణ తప్పనిసరి. వాటితోపాటు ఇంట్లో మనం చేయవలసిన పని ఒకటుంది. బిడ్డ దేనికోసం చేయి చాస్తున్నాడో కనిపెట్టి, అక్కడినుంచే నేర్పడం మొదలుపెడదాం.