భూమి చూపించువారి కలవరము

కొమురవెల్లి పేరు వినగానే శ్రోతలకు గుట్టమీది మల్లికార్జునస్వామియు, ఒగ్గు పూజారులు వేయు పట్నములును జ్ఞప్తికి వచ్చును. సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగు జాతర ఆదివారములు మాకు వేరొక రీతిగా జ్ఞాపకమున్నవి. దర్శనము ముగించి గుట్ట దిగిన పట్టణవాసులు "ఇక్కడ ఎకరము ఎంత పలుకుచున్నది?" అని అడుగు దినములవి. 2023లో సిద్దిపేటకు రైలు వచ్చి, 2024లో కొమురవెల్లి స్టేషనుకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ ప్రశ్న మరింత తరచైనది. మేము భూములు చూపి బేరములు కుదుర్చు మధ్యవర్తులము. ఈ వృత్తిలో మా నిదుర చెరచిన సంగతులు కొన్ని మనవి చేయుదుము.

ఒకరికి రెండెకరముల చెలక చూపితిమి. పట్టాదారు పాసుపుస్తకము సరిగానే ఉన్నది. అప్పుల చిక్కు లేదు. బయానా కూడ ముట్టినది. హద్దులు కొలుచుచుండగా పత్తిచేనిలో కలుపు తీయుచున్న ముసలమ్మ యొకతె లేచి వచ్చి, "ఎవరు బిడ్డా మీరు? మా చెలకల గొలుసు గుంజుతున్నరేంది?" అని అడిగెను. ఆమె మామ ఆ భూమిని ఏనాడో తెల్లకాగితముపై వ్రాయించుకొని కొనెనట. ఆ కాగితము రేకుపెట్టెలో భద్రముగా నున్నదట. మా ప్రక్కన నిలిచిన పట్టాదారుని కుమారుడు మారుమాటాడక తల వంచుకొనెను. అతనికి సంగతి ముందే తెలియును!

అట్టి కాగితమునే సాదా బైనామా అందురు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కావలెనని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. పల్లెలలో మాత్రము నలుగురు పెద్దలయెదుట వ్రాసిన కాగితమే చాలునని తరములు గడచినవి. పాత పహాణీలో పట్టాదారుతోపాటు అనుభవదారు పేరును వ్రాయుచుండిరి గనుక, నేలమీద నిజముగా ఎవరున్నదియు చదువరికి కొంత తెలిసెడిది. 2020లో వచ్చిన ధరణిలో ఆ గడి లేకపోయెను. ఆ సంవత్సరమే సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసికొన్నను, హైకోర్టు ఉత్తర్వుతో ఆ పని నిలిచిపోయినది. 2025 నాటి భూభారతి చట్టములో దానికి మరల ఒక మార్గము చూపిరి.

ఆ బేరము మేము విడిచితిమి. మరియొక మధ్యవర్తి దానిని పూర్తిచేసెనని కొన్ని నెలలకు తెలిసినది. ముసలమ్మ ఏమైనదో విచారించుటకు మాకు ధైర్యము చాలలేదు.

లావుణి పట్టా సంగతి వేరు. ప్రభుత్వము పేదలకిచ్చిన ఆ భూమిని అమ్మరాదని 1977 చట్టము నిషేధించినది. కొన్నవారికి భూమి నిలువదు. అమ్మువాడు "పట్టా ఉన్నది" అనును. అది అబద్ధము కాదు, ఏ పట్టాయో చెప్పడు, అంతే. లేఅవుటు ప్లాట్లమ్ము మధ్యవర్తులు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను గాని, సాగుభూమి బేరములకు ఆ కట్టుబాటు లేదు. మమ్ములను అడుగువారు లేరనుటయే మాకు సిగ్గు.

ఈ మల్లన్న పేరనే 2022లో మల్లన్నసాగరము ప్రారంభమైనది. యాభై టీఎంసీల నీటికి తొగుట మండలములో వేములఘాట్ మొదలైన గ్రామములు మునిగినవి. అట్లు ఊరు విడిచిన రైతొకడు పరిహారపు సొమ్ముతో మాయొద్దకు వచ్చెను. ధర అడుగలేదు. బావి ఉన్నదా, వేపచెట్టు ఉన్నదా అని అడిగెను. ఉన్నవంటిమి. చేను చుట్టును రెండుమారులు నడచి వచ్చి, "అన్నా, దీని మీదికి మళ్ల నీళ్లు రావు గద?" అనెను.

మేము పటము విప్పితిమి. ఆయన పటము వైపు చూడలేదు. మా ముఖమునే చూచుచుండెను.