పిలుపు - వృత్తి

1505వ సంవత్సరము జూలైలో ఎర్ఫర్టు దారిలో పిడుగు పడెను. ఆ భయమున మార్టిన్ లూథర్ సన్న్యాసి నగుదునని మ్రొక్కుకొనెను. కుమారుడు న్యాయవాది కావలెనని, రాగి గనులలో గడించి చదివించిన తండ్రికి అది గొడ్డలిపెట్టు.

దైవము పిలుచునది మఠమునకే యని ఆనాటి విశ్వాసము. దానిని పిమ్మట తుడిచివేసినవాడును ఆ సన్న్యాసియే! చెప్పులు కుట్టుట, పసిబిడ్డ గుడ్డలుతుకుట కూడ దైవకార్యమే యని ఆయన వాదము. 'బెరూఫ్' అను జర్మను పదమునకు పిలుపు అని మూలార్థము. లౌకికవృత్తికి ఆ పేరు ఆయన బైబిలు అనువాదముతో వ్యాప్తి నొందెను.

అయితే ఎవరి వృత్తిలో వారుండుడన్నచో మనకు కులవృత్తుల మాట స్ఫురింపక మానదు. ఆ చిక్కు లూథర్ బోధలో లేకపోలేదు. 1525లో రైతులు తిరుగబడినపుడు ఆయన ప్రభువుల పక్షమే వహించెను. ఆ ముడిని కొంత సడలించునది ఆయన విద్యావాదము. తుపాకులకు, వంతెనలకు ఏటేట ధనము వెచ్చించువారు ఒకరిద్దరు ఉపాధ్యాయులను పోషింపలేరా యని 1524లో నగరపాలకులను లేఖాముఖమున నిలదీసెను. మగపిల్లలకు దినమునకు ఒకటి రెండు గంటలు బడి, తక్కిన వేళ ఇంట పని నేర్చుట. ఆడపిల్లలకు ఒక గంట. (మనకిది స్వల్పముగా తోచును.) పుట్టుకచే ప్రభువులైనవారే ఏలుట దైవేచ్ఛ కాదనియు, బీదల బిడ్డలును చదువుకొని ఆ పదవులకు రావలెననియు 1530 నాటి ప్రసంగమున చెప్పెను. యుద్ధమునకు జనులను నిర్బంధించు ప్రభుత్వము బడికేల నిర్బంధింపరాదని అందే అడిగెను.