నా జీన్ తేదీ అయిపోయింది!

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి ప్రాజెక్టులో చేరాను. మాదాపూర్ హాస్టల్లో రూమ్మేట్స్ అంతా సాఫ్ట్‌వేరే. 'మనది బయాలజీ, కోడింగ్ మనకెందుకు' అనుకునేదాన్ని.

ఓ రోజు వందల జీన్స్ ఉన్న షీట్ గైడ్‌కి పంపాక చూసుకున్నా. 'సెప్ట్2' అనే జీన్ ఉండాల్సిన గడిలో సెప్టెంబర్ 2 అని ఉంది! సరిచూసుకోకపోవడం నా తప్పే. మూడు వారాల పని మళ్లీ మొదటికొచ్చింది.

ఇది నా ఒక్కదాని బాధే కాదట. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూస్తే, ఎక్సెల్ జీన్ జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులే. చివరికి 2020లో జీన్ల పేర్లే మార్చారు. సెప్ట్2 కాస్తా 'సెప్టిన్2' అయింది.

రూమ్మేట్ పైథాన్ మొదలుపెట్టించింది. హైటెక్ సిటీ నుంచి తార్నాక దాకా మెట్రోలో రోజూ ఫోన్‌లో గూగుల్ కొలాబ్ తెరిచేదాన్ని. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 'రోసాలిండ్' సైట్‌లో మొదటి లెక్క: డీఎన్ఏ వరసలో ఏ, సీ, జీ, టీలు ఎన్నెన్ని? వేళ్లతో లెక్కపెడితే తల తిరుగుతుంది. 'కౌంట్' అనే కమాండ్‌తో చిటికెలో వచ్చేసింది. ఆ రోజు సీటు దొరక్కపోయినా తెగ ఆనందం!

రెండు నెలలకి అదే జాబితా పైథాన్‌లో చేశా. మనం చెప్తే తప్ప అక్కడ పేరు తేదీగా మారదు. షీట్‌తోపాటు కోడ్ కూడా గైడ్‌కి పంపా. షీట్‌లో చేత్తో ఏం మార్చామో మనకే గుర్తుండదు. కోడ్‌లో ప్రతి అడుగూ రాసి ఉంటుంది, ఎవరైనా సరిచూడొచ్చు.

బయాలజీ ఫ్రెండ్స్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కాదు, మీ రిజల్ట్‌ని మీరే నమ్మడానికైనా నేర్చుకోండి. రోజుకో అరగంట చాలు.