బండి మీద బయలుదేరిన పాఠశాల: టస్కెగీ నిర్మాతలు

వ్యవసాయ విస్తరణ చరిత్రను బోధించేటప్పుడు సీమన్ నాప్ ప్రదర్శన క్షేత్రాలు, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం తప్పనిసరిగా ప్రస్తావనకు వస్తాయి. అమెరికా దక్షిణాదిన, అలబామా రాష్ట్రంలో ఉన్న టస్కెగీ విద్యాసంస్థ ప్రస్తావన మాత్రం తరచుగా ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఆ చట్టం రావడానికి ఎనిమిదేళ్ల ముందే ప్రయోగక్షేత్రపు ఫలితాలను బండికెత్తి రైతు ముంగిటికి చేర్చిన సంస్థ అది. నేడు విశ్వవిద్యాలయంగా ఉన్న ఆ సంస్థను నిలబెట్టినవారి చరిత్రలో విస్తరణ శాస్త్రజ్ఞులు గర్వించదగినది ఎంతో ఉంది. తలదించుకోవలసినది కూడా ఉంది.

టస్కెగీ స్థాపన ఒక బేరంతో మొదలయింది. బానిసగా పుట్టి, రేకుపని, చెప్పుల పని, జీనుల తయారీ నేర్చిన లూయిస్ ఆడమ్స్‌కు మేకన్ కౌంటీలోని నల్లజాతివారిలో మంచి పలుకుబడి ఉండేది. శాసనసభ ఎన్నికల్లో వారి ఓట్లు కోరి వచ్చిన అభ్యర్థిని ఆయన తన కోసం ఏమీ అడగలేదు, తన జాతి పిల్లలకొక బడి అడిగాడు. శాసనసభ ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది. అదీ ఉపాధ్యాయుల జీతాలకే. స్థలానికి గాని, భవనానికి గాని ఒక్క డాలరు కేటాయించలేదు. 1881 జూలై 4న చర్చి పక్కనున్న పాతబడిన పాకలో 30 మంది విద్యార్థులతో తరగతులు ప్రారంభమయ్యాయి. వాన కురిస్తే ఒక విద్యార్థి గొడుగు పట్టుకొని నిలబడేవాడు, దాని కింద యువ ప్రధానాచార్యుడు బుకర్ టి. వాషింగ్టన్ పాఠం చెప్పేవాడు.

వాషింగ్టన్ కూడా బానిసగా పుట్టినవాడే. మూడు నెలలు తిరగకముందే పాడుబడిన ఒక పత్తి తోటను 500 డాలర్లకు బేరం చేశాడు. తొలి విడత 250 డాలర్లు హాంప్టన్ విద్యాసంస్థ కోశాధికారి సొంత డబ్బు నుంచి అప్పుగా ఇచ్చాడు. భవనాలకు ఇటుక కావాలి, ఊళ్లో ఇటుకబట్టీ లేదు. విద్యార్థులే బట్టీ పేర్చారు. వరుసగా మూడు బట్టీలు చెడిపోయాయి. చేతిలో డబ్బు లేక వాషింగ్టన్ తన గడియారాన్ని 15 డాలర్లకు తాకట్టు పెట్టాడు. నాలుగో బట్టీ కాలింది. గడియారం మాత్రం తిరిగి రాలేదు. చదువుకోవడానికి పంపిన పిల్లల చేత మట్టి పిసికిస్తున్నారని తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పిన మాటా నిజమే. నిన్నటిదాకా కొరడా కింద చేసిన చాకిరీని చదువు పేరుతో మళ్లీ చేయించడం వారికి రుచించలేదు, అందులో ఆశ్చర్యమూ లేదు. అయితే ఆ ఇటుకల నాణ్యత చూసి, ఈ బడితో ఏ సంబంధమూ లేని తెల్లవారు సైతం కొనడానికి వచ్చారు. ఈ దశలో బోధనలోను, విరాళాల సేకరణలోను వాషింగ్టన్‌తో సమానంగా శ్రమించిన ఒలీవియా డేవిడ్సన్ 1889లో మరణించింది. సంస్థ చరిత్రలో ఆమెకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

బడి చుట్టూ ఉన్న గ్రామాల పరిస్థితి వేరు. భూమి తెల్లదొరలది. నల్లజాతి రైతు పాలుకు సేద్యం చేసేవాడు. విత్తనం, ఎరువు, తిండిగింజలు అన్నీ వ్యాపారి దగ్గర అప్పు, ఆ అప్పుకు హామీ రాబోయే పంట. పత్తి తప్ప మరో పంట వేస్తే వ్యాపారి అప్పివ్వడు. కనుక గడప దాకా పత్తే. పెరట్లో కూరగాయలు ఉండవు, గాదెలో గింజ ఉండదు. 1892 ఫిబ్రవరిలో వాషింగ్టన్ తొలి రైతు సదస్సు ఏర్పాటు చేసి సుమారు 75 మంది వస్తారనుకున్నాడు. వందల సంఖ్యలో వచ్చారు. ఆ సదస్సులో మాట్లాడవలసింది రైతులేనని ఆయన నియమం పెట్టాడు. నేటి రైతు సదస్సుల కార్యక్రమ పట్టికలను గమనించేవారికి ఈ నియమం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం మార్గరెట్ ముర్రే, ఆ తరువాత మార్గరెట్ వాషింగ్టన్, స్త్రీల కోసం వేరుగా తల్లుల సభలు ప్రారంభించింది. శనివారం సంతకు భర్తతో బండి మీద పట్టణానికి వచ్చి, పనేమీ లేక వీధిలో కూర్చునే స్త్రీలను ఆమె గమనించింది. పిల్లల పోషణ, కుట్టుపని, ఇంటి శుభ్రత ఆ సభల్లో ప్రధాన విషయాలు. గృహవిజ్ఞాన విస్తరణకు పేరు పెట్టకముందే జరిగిన పని ఇది.

1896లో అయోవా నుంచి జార్జ్ వాషింగ్టన్ కార్వర్ వచ్చాడు. మరుసటి ఏడాది రాష్ట్రం టస్కెగీకి ప్రయోగకేంద్రం మంజూరు చేసి ఏటా 1,500 డాలర్లు ఇచ్చింది. హాచ్ చట్టం కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా వచ్చే 15,000 డాలర్ల కేంద్ర నిధి తెల్లవారి కళాశాల ఉన్న ఆబర్న్‌కు చేరేది. ఈ పది రెట్ల తేడాను కార్వర్ తన పరిశోధనకు హద్దుగానే గాక దిశగా కూడా తీసుకున్నాడు. రైతు కొనలేని ఎరువును సిఫారసు చేసి ప్రయోజనం లేదు కనుక, చిత్తడి నేలల మేట మట్టి, అడవిలో రాలిన ఆకు, పశువుల పెంట కలిపి వేయమన్నాడు. సారం ఉడిగిన పత్తి భూముల్లో అలసంద, చిలగడదుంప, వేరుశనగ మార్పిడిగా వేయమన్నాడు. 1898 నాటి తొలి బులెటిన్ విషయమే ఆయన దృక్పథాన్ని తెలుపుతుంది: చెట్ల కింద వృథాగా రాలే ఓక్ కాయలను పశువుల మేతగా వాడడం.

కార్వర్ గురించి కట్టుకథలు చాలా వ్యాపించాయి. వేరుశనగ వెన్నను ఆయన కనిపెట్టలేదు. వేరుశనగ నుంచి రూపొందించిన వందలాది వస్తువులలో వ్యాపారపరంగా నిలిచినవి దాదాపు లేవు. అలబామాలో వేరుశనగ విస్తరించడానికి ఆయన బోధ ఎంత కారణమో, పత్తిని తినేసిన కాయతొలుచు ముక్కుపురుగు అంతకంటె పెద్ద కారణం. ఆయన అసలు ఘనత బులెటిన్ల రచనలో ఉంది. వేరుశనగ సాగును, 105 వంటకాలను ఒకే పుస్తకంలో చేర్చిన 1916 నాటి బులెటిన్ రైతునూ, బడి పంతులునూ, ఇల్లాలినీ ఒకేసారి ఉద్దేశించినది. పంటమార్పిడి కోసం ఆయన సిఫారసు చేసిన అదే వేరుశనగ అనంతపురం మెట్టభూముల్లో మరో శతాబ్దంలో ఏకపంటగా మారడం మన అనుభవం. పంట పేరు ముఖ్యం కాదు, మార్పిడి ముఖ్యమన్న సంగతి ఆయన బులెటిన్లు చదివినవారికి కొత్త కాదు.

బులెటిన్ చదవలేని రైతు సంగతేమిటి? ఈ ప్రశ్నకు సమాధానంగా 1906లో బండి తయారయింది. కార్వర్ నమూనా గీశాడు, విద్యార్థులు తయారుచేశారు, న్యూయార్క్ ధనికుడు మోరిస్ జెసప్ ధనసహాయం చేశాడు. నాగలి, విత్తనాలు, వెన్న తీసే పరికరాలు ఎక్కించుకొని ఆ బండి తొలి వేసవిలో నెలకు సుమారు 2,000 మందిని చేరింది. అదే నవంబరులో థామస్ మన్రో క్యాంప్‌బెల్ సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ శాఖలో తొలి నల్లజాతి ప్రదర్శనాధికారిగా నియమితుడై బండిని చేపట్టాడు. జార్జియాలో పేద కుటుంబంలో పుట్టి, చదువు కోసం ఇల్లు విడిచి టస్కెగీ చేరినవాడాయన.

క్యాంప్‌బెల్ పద్ధతిని విద్యార్థులు వివరంగా తెలుసుకోవాలి. ఊరిలో ఒక రైతు ఇంటిని ఎంచుకొనేవారు. చుట్టుపక్కలవారిని అక్కడికే పిలిచేవారు. ఉపన్యాసం తక్కువ, పని ఎక్కువ. విరిగిన మెట్లు కట్టడం, గోడలకు సున్నం, కోళ్ల గూడు, మరుగుదొడ్డి, పొలంలో దుక్కి, అన్నీ వచ్చినవారి చేతులతోనే. సాయంత్రానికి ఆ ఇల్లే ప్రదర్శన క్షేత్రం. 1918లో బండి స్థానంలో మోటారు ట్రక్కు వచ్చింది, 1920లో దానితోపాటు నర్సు కూడా బయలుదేరింది. 1923లో కొత్త ట్రక్కు అవసరమైనప్పుడు సుమారు 30,000 మంది నల్లజాతి రైతులు, వారి మిత్రులు కలిసి 5,000 డాలర్లు సమకూర్చారు. పాలుకు సేద్యం చేసి అప్పులో బతికే రైతు విస్తరణ సేవకు తానే చందా ఇవ్వడం, ఆ సేవపై వచ్చిన ఏ మూల్యాంకన నివేదిక కన్నా బలమైన సాక్ష్యం.

1923లోనే యూనిస్ రివర్స్ అనే యువ నర్సు ఆ సంచార పాఠశాలలో చేరింది. టస్కెగీలోనే చదివిన ఆమె కొన్నేళ్లపాటు మేకన్ కౌంటీ, ఇతర కౌంటీల గ్రామాలు తిరిగింది. ఇల్లిల్లూ ఆమెకు తెలుసు, ఆమె ఇల్లిల్లికీ తెలుసు. 1932లో సంయుక్త రాష్ట్రాల ప్రజారోగ్య సేవా విభాగం మేకన్ కౌంటీలో సిఫిలిస్ అధ్యయనం తలపెట్టింది. రెండవ ప్రధానాచార్యుడు రాబర్ట్ మోటన్ కాలంలో సంస్థ తన ఆసుపత్రిని అందుకు వాడుకోనిచ్చింది. గ్రామాల్లో మనుషులను కూడగట్టడానికి, కాలక్రమాన వారితో సంబంధం నిలుపుకోవడానికి రివర్స్‌ను తీసుకున్నారు. అధ్యయనంలో వ్యాధి ఉన్నవారు 399 మంది, లేనివారు 201 మంది. వ్యాధి పేరు వారికి చెప్పలేదు, చెడు రక్తానికి వైద్యమని నమ్మించారు. చికిత్స ఇవ్వలేదు. పెనిసిలిన్ సర్వత్రా అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా ఇవ్వలేదు. వారికి దక్కినవి కారు ప్రయాణం, వేడి భోజనం, చనిపోతే అంత్యక్రియల ఖర్చు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా, నలభై ఏళ్లపాటు ఇది సాగింది.

పథకం వేసినది ప్రభుత్వ వైద్యులు, బాధ్యతలో పెద్ద భాగం వారిదే. అయితే ఆ రైతులు వచ్చినది వైద్యుల ముఖం చూసి కాదు. ట్రక్కుతోపాటు తమ వాకిట్లోకి వచ్చి, తమ పిల్లలకు స్నానం చేయించిన సంస్థ పేరు విని వచ్చారు. జెసప్ బండి నుంచి పాతికేళ్లపాటు కూడిన నమ్మకం ఖర్చయినది ఇక్కడే. రివర్స్ తాను వారికి మేలే చేస్తున్నాననుకుందని కొందరు చరిత్రకారులు, తెలిసే చేసిందని మరికొందరు వాదిస్తారు. ఆమె తీర్పు ఎలా ఉన్నా, క్షేత్రంలో కార్యకర్త సంపాదించే చనువును పైవారు దేనికి వాడుకోదలచారో అడిగే హక్కు, బాధ్యత ఆ కార్యకర్తకు ఉండాలా అన్నది విస్తరణ పాఠ్యప్రణాళికలో చోటు దక్కవలసిన ప్రశ్న.

ఈ అధ్యయనం బయటపడిన రెండేళ్లకు, 1974లో, మనుషులపై పరిశోధనకు ముందస్తు సమీక్షను నిర్దేశించే జాతీయ పరిశోధన చట్టం అమెరికాలో వచ్చింది. 1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆనాటికి ప్రాణాలతో మిగిలినవారు ఎనిమిది మంది. ఆ తరువాత టస్కెగీ విశ్వవిద్యాలయం పరిశోధనా నీతిపై ఒక జాతీయ కేంద్రాన్ని ప్రారంభించింది. దానికి చోటిచ్చినది ఆ పాత ఆసుపత్రి ప్రాంగణమే.